అమ్మమ్మకు వినిపించని ఆ రెండు నిమిషాలు

మార్గశిర గురువారం వైజాగ్ వన్ టౌన్‌కి ఎప్పుడైనా వచ్చారా? రాకపోతే ఒక్కసారి రండి. బురుజుపేటలో కాలు పెట్టడానికి చోటు దొరకదు. కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు, ఆకాశమే గొడుగు. పసుపు కుంకుమలు ఎవరి చేత్తో వాళ్లే సమర్పించుకుంటారు. తెల్లవారుజామున అమ్మమ్మని పట్టుకుని క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి నా పని అయిపోయింది. రూమ్‌కెళ్లి పడుకుందామనుకుంటున్నా. అప్పుడు అడిగింది అమ్మమ్మ.

"సాయంత్రం నన్ను కళాభారతికి తీసుకెళ్తావేటే? వయొలిన్ కచేరీ ఉందంట."

నాకు గుండెల్లో చిన్నగా కలుక్కుమంది. ఎందుకో తర్వాత చెప్తా.

రాణిబొమ్మ నుంచి టౌన్ హాల్ దాకా

అమ్మమ్మ ఇల్లు కోటవీధిలో. ఈస్టిండియా కంపెనీ వాళ్ల కోట ఒకప్పుడు ఇక్కడ ఉండేది. కోట పోయింది, పేరు మిగిలింది. నేను ఉద్యోగం చేసేది మధురవాడలో. ఒకే ఊరే గానీ రెండు లోకాలు. అక్కడ అద్దాల బిల్డింగులు, ఇక్కడ రెండు బైకులు ఎదురుపడితే ఒకటి ఆగాల్సిన సందులు. హార్బర్ వైపు చూస్తే మూడు కొండలు, ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. మధ్యమధ్యలో ఓడ కూత.

సాయంత్రం దాకా టైముందని అలా నడిచాను. విక్టోరియా రాణి విగ్రహాన్ని ఇక్కడ అందరూ 'రాణిబొమ్మ' అంటారు. ఆటోవాడికి కూడా అలా చెప్తేనే అర్థమవుతుంది. కురుపాం మార్కెట్ దాటి ముందుకెళ్తే పాత టౌన్ హాల్. ఆ రాణిగారి డైమండ్ జూబ్లీ గుర్తుగా, బొబ్బిలి రాజావారి విరాళంతో కట్టిన రాతి భవనం. నా చిన్నప్పుడు దాని మెట్ల మీద కూర్చుని మురీ మిక్చర్ తినడమే గానీ, లోపల ఏముందో ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇప్పుడు సంగీతం కావాలంటే వన్ టౌన్ వాళ్లు ఆరేడు కిలోమీటర్లు వెళ్లాలి. మద్దిలపాలెం దగ్గర పిఠాపురం కాలనీలో ఉంది కళాభారతి. విశాఖ మ్యూజిక్ అండ్ డ్యాన్స్ అకాడమీ వాళ్ల ఆడిటోరియం అది. డిసెంబర్‌లో సంగీత నృత్యోత్సవాలు జరుగుతాయి. చెన్నైలో 'మార్గళి సీజన్' అని పెద్ద పేరు కదా, ఆ మార్గళి మన మార్గశిరానికి అటూఇటూగా వచ్చేదే. అమ్మవారి జాతర, కచేరీల సీజన్ ఒకే సమయంలో రావడం మా ఊరి లక్కు.

బోర్డు కనపడని కుర్రాడు

వయొలిన్ మనది కాదు. ఓడెక్కి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ల దగ్గర నేర్చుకుని దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారంటారు. వాళ్లు నిలబడి భుజం మీద పెట్టుకుని వాయిస్తే, మనవాళ్లు బాసింపట్టు వేసుకుని, ఛాతీకీ పాదానికీ మధ్య ఆనించి గమకాలు పలికించారు. ఇప్పుడు వయొలిన్ లేని కచేరీ ఊహించలేం.

అందులో మహామహుడైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పెరిగింది మా విశాఖపట్నంలోనే. 1893లో బెంగళూరులో పుట్టారు. చూపు సరిగా ఆనక, బోర్డు కనపడక స్కూలు చదువు ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర వయొలిన్ పట్టారు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలకి స్టూడెంట్‌గా చేరదామని వెళ్తే, ఆయన వాయిద్యం విని ఏకంగా ప్రొఫెసర్‌గా తీసుకున్నారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి ఇరవై ఆరేళ్లు! 1936లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1952లో యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు ఈయన వాయిద్యం విని ముగ్ధుడయ్యాడు. అప్పటికే ప్రపంచమంతా చప్పట్లు కొడుతున్న వయొలినిస్ట్ ఆయన.

ఈ కథ నాకు ఫస్ట్ చెప్పింది అమ్మమ్మే. నాకు తొమ్మిదేళ్లప్పుడు చిట్టీ డబ్బులు ఎత్తి వయొలిన్ కొనిపెట్టింది. తనకి రాగాల పేర్లు తెలీవు. రేడియోలో విని ఇష్టపడింది, అంతే. ఐదేళ్లు నేర్చుకున్నాను. ఎంసెట్ కోచింగ్ అనగానే 'ఒక్క రెండేళ్లు ఆపుతా' అన్నాను. అలా ఆపి తొమ్మిదేళ్లు దాటింది. అమ్మమ్మ ఒక్క మాట కూడా అనలేదు. పొద్దున కలుక్కుమన్నది అందుకే.

లవంగి

హాల్లోకి వెళ్లగానే చుట్టూ చూశాను. తెల్లజుట్టే ఎక్కువ. నా వయసు వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమ్మమ్మ ముందు వరసలోనే కూర్చుంటానంది. స్టేజీ మీద వయొలిన్ సోలో, పక్కన మృదంగం, ఘటం. వాయించే అమ్మాయికి నా ఈడే ఉంటుంది.

వర్ణం అయ్యాక ఆ అమ్మాయి మైక్ తీసుకుని, "ఇప్పుడు లవంగి" అంది. నేను నిటారుగా కూర్చున్నాను. మామూలుగా రాగానికి కనీసం ఐదు స్వరాలైనా ఉండాలంటారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు స, రి, మ, ధ... నాలుగంటే నాలుగు స్వరాలతో చేసిన రాగం ఇది. ఆయనదే ఇంకో నాలుగు స్వరాల రాగం మహతి. దాంట్లో ఎం.ఎస్.విశ్వనాథన్ 1975లో 'అపూర్వ రాగంగళ్' అనే తమిళ సినిమాకి పాట కూడా కట్టారు. నాలుగు స్వరాలతో రాగమేంటని వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ లాంటివాళ్లు గట్టిగానే గొడవపడ్డారు. అంటే, శాస్త్రీయ సంగీతం త్యాగరాజుతోనే ఆగిపోలేదు. మన తాతల కాలంలోనే కొత్త రాగాలు పుట్టాయి, వాటి మీద కొట్లాటలూ జరిగాయి.

కృతి అయ్యాక కల్పనస్వరాలు. ఇవి ముందే రాసుకుని వచ్చేవి కావు. రాగం, తాళం హద్దులు దాటకుండా అప్పటికప్పుడు అల్లాలి. ఒకచోట ఆ అమ్మాయి ఏదో కొత్త ముడి వేసింది. మృదంగం ఆయన నవ్వి, అదే లెక్క తిప్పి కొట్టాడు. రేపు ఇంకో ఊళ్లో వాయించినా ఇదే రాదు. పాతది అనుకుని వచ్చినదాన్ని నా ముందే కొత్తగా తయారుచేస్తున్నారు!

తర్వాత ప్రధాన రాగం ఆలాపన. కమాను కదులుతోందా లేదా అన్నంత మెల్లగా, పైస్థాయికి వెళ్లింది. హాలంతా నిశ్శబ్దం. అమ్మమ్మ నా చెయ్యి గోకింది.

"ఆపేసిందేటే?"

ఆపలేదు. వాయిస్తూనే ఉంది. వయసు పైబడితే ముందు పోయేది సన్నటి పైశబ్దాలేనని ఎక్కడో చదివాను. ఈమధ్య టీవీ సౌండ్ ఎందుకు పెంచుతోందో, ఫోన్‌లో నా మాటకి వేరే జవాబు ఎందుకు చెప్తోందో అప్పుడు అర్థమైంది. ఇక్కడ నాకు మాత్రమే వినిపిస్తోంది. కచేరీకి రావాలని అడిగింది మాత్రం తను.

"లేదు అమ్మమ్మా, పైన వాయిస్తోంది. దిగుతుంది, ఉండు" అన్నాను.

ఆ రెండు నిమిషాలు అమ్మమ్మ కళ్లు ఆ కమాను మీద నుంచి కదల్లేదు. తర్వాత పాట మొదలయ్యాక తన అరచేతిలో ఆదితాళం వేశాను, ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. తని ఆవర్తనంలో మృదంగం మోగుతుంటే ఆ చెయ్యే నా చేతి మీద తాళం వెయ్యడం మొదలెట్టింది. అది తనకి బాగా వినిపించింది.

మీరూ వెళ్తే

వన్ టౌన్ చూడాలంటే పొద్దున్నే రండి. ఓల్డ్ పోస్టాఫీసు దాకా సిటీ బస్సులుంటాయి, అక్కడ్నుంచి నడకే బెస్ట్. కచేరీకి అరగంట ముందు వెళ్లండి. రాగాలు తెలియకపోయినా పర్లేదు, కల్పనస్వరాలప్పుడు మృదంగం వాయించేవాళ్ల మొహం చూడండి చాలు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ముఖ్యంగా, ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ తీసుకెళ్లండి. 'వచ్చే ఏడాది' అనకండి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "నా వయొలిన్ ఎక్కడుంది అమ్మమ్మా?"

రెండుసార్లు అడిగితే వినపడింది.

"అటక మీదే ఉంది. దసరాకి దించి బొట్టు పెడతన్నాను కదా."

ఏటా పెడుతోందట. నాకు తెలీదు.

దించి చూస్తే రెండు తీగలు తెగిపోయాయి, రోజిన్ బిళ్ల ముక్కలైంది. తీగలు కొని వేశాను. ఇప్పుడు ప్రతి ఆదివారం కోటవీధికి వెళ్లి, సరళీవరసల నుంచి మళ్లీ మొదలెట్టాను. వేళ్లు తిరగట్లేదు, అపస్వరాలే ఎక్కువ. కింది తీగల మీదే ఎక్కువ వాయిస్తున్నా.

అమ్మమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంటుంది. మధ్యలో ఒకటే మాట.

"ఇంకొంచెం గట్టిగా వాయించే."