రెండవ తాళపుచెవి

మా యింటి తాళమునకు చెవులు రెండు. ఒకటి నా జేబులో నుండును. రెండవది, జాగ్రత్తకై, ఇంటిలోని బీరువాలో నుండును. తలుపు మూసిన పిదప లోపలనున్న చెవి యెవరికి బనికివచ్చునని 12 ఏండ్లలో నొక్కనాడైనను నాకు దోచలేదు. తర్కసంగ్రహము చదివినవాడను!

శుక్రవారములందు నా భార్య తెల్లవారుచుండగనే పొరుగూరనున్న తల్లిని జూచివచ్చుటకు బోవును. నేను తాళము వేసికొని బడికి బోయెదను. సాయంకాల మైదుగంటలకు నేను వచ్చుసరి కామె యరుగుమీద గూర్చుండియుండును. గుమ్మమునకు తోరణ మున్నట్లే యామె యక్కడ నుండుటయు నాకు సహజముగా నుండెను.

మొన్నటి శుక్రవారమున జేబులో జేయి పెట్టితిని, చెవి లేదు. బడిలో మేజా సొరుగునందు మఱచితిని. ఫోను చేయగా, కావలివాడు గేటు మూసి వెడలిపోయెనని తెలిసినది. నేను పచార్లు చేసితిని. తలుపును రెండుమార్లు త్రోసితిని. (తాళమున్న తలుపును త్రోయుట యే తర్కమో!) ఆమె మాత్రము ప్రక్కకు జరిగి, "ఇటు కూర్చుండుడు. నాలుగు దాటినచో నీడ ఈ కొసకే వచ్చును" అనెను.

ఆమె సంచిలో బఱచుకొనుటకు పాత వార్తాపత్రికయు, ఒలుచుటకు చిక్కుడుకాయలును ఉండెను. ఏ యింట మంచినీళ్లడిగిన మొగము ముడువరో యామెకు దెలియును. ఒక చెంబెడు తెచ్చి నాకిచ్చినది. కొంతసేపటికి నాకు వేఱొక యవసరము గలిగెను. మగవాడను గనుక సందు చివరకు బోయివచ్చితిని. వచ్చి, "మఱి నీ వేమి చేయుదువు?" అని యడిగితిని.

"శుక్రవారము మధ్యాహ్నము నేను నీళ్లు త్రాగను" అని యామె చిక్కుడుకాయ యీనె తీసెను.

బస్సు మూడుగంటలకు వచ్చునట. వారమునకు 2 గంటలు, ఏటికి సుమారు 100, పండ్రెండేండ్లకు 1200. అనగా 50 అహోరాత్రములు మా యిల్లాలు మా యింటి బయట గూర్చుండెను. కడచిన నెలలోనే గ్రంథాలయసభలో, గృహహింసనుండి స్త్రీలను గాపాడుటకై 2005లో జేయబడిన చట్టమును గూర్చి నేను ప్రసంగించియుంటిని. యాజమాన్యము లేకున్నను కాపురమున్న యింట నివసించు హక్కు స్త్రీకి గలదని దాని 17వ సెక్షను చెప్పుచున్నదని వివరించి, భార్యను వెలుపలికి గెంటు మగవారిని గట్టిగా దూషించితిని. చప్పట్లు మ్రోగెను. ఆమెయు సభలో నుండెను. నేను గెంటలేదు, తాళము వేసికొని పోయితిని, అంతియే.

"ఎన్నడును చెప్పవైతివేమి?" అంటిని.

"మొదటి యేటనే చెవి యడిగితిని. పోగొట్టుదువంటిరి."

నేను మఱల జేబు తడవలేదు.

ఏడుగంటలకు తాళములు బాగుచేయువాడు సైకిలుమీద వచ్చెను. తాళములోని సన్నని మేకుల నన్నిటిని తగిన యెత్తునకు లేపినగాని యది తిరుగదనియు, చెవి చేయు పని యంతియే యనియు జెప్పుచు, రెండు ఇనుపతీగలతో దాని నూడదీసెను. చెవు లెన్ని చేయవలెనని నన్నడిగెను. రెండని చెప్పుటకు నేను నోరు తెఱచునంతలో, ఆమె సంచి యెత్తుకొనుచు, "మూడు" అనెను. "వచ్చు యేటినుండి అమ్మాయి కూడ ఒంటరిగా వచ్చును."