మిరియానికి జబ్బు చేసిన వారం

2022 మే 11, బుధవారం ఉదయం మా మిరియం అన్నం గిన్నె వంక చూడలేదు. గిన్నె కింద పెట్టకముందే మూతి దూర్చే ప్రాణి, ఆనాడు పొయ్యి పక్కనున్న చల్లని రాతి పలకకు పొట్ట ఆనించి పడుకుని, కళ్ళు మాత్రం ఎత్తి నన్ను చూసి మళ్ళీ దించుకున్నది.

ఎండదెబ్బ అనుకున్నాను. ఆ ఏడు ఫ్రాన్సు దేశంలో మే నెల మునుపెన్నడూ లేనంత వేడిగా గడిచింది. తడిగుడ్డ కప్పి, నీళ్ళలో కాస్త ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో పట్టించాను. నలభై ఏళ్ళకు దగ్గరగా వైద్యవృత్తిలో గడిపినవాణ్ణి. ఆ మాత్రం తెలియదా అన్న ధీమా నాది.

మిరియం డాక్స్‌హుండ్ జాతిలో పొట్టి రకం మగకుక్క. జానెడు ఎత్తు, మూరెడు పొడవు, నల్లని నిగనిగలాడే ఒళ్ళు. దానికి తోడు జీలకర్ర అనే గోధుమవన్నె ఆడకుక్క. పోపుల పెట్టెలోంచి ఈ పేర్లు తీసి పెట్టినది నా భార్య. ఇంగ్లండులో ఈ పేర్లు ఎవరి నోటా సరిగా పలకలేదు గాని, ఫ్రాన్సులో మరొక చిక్కు వచ్చింది. మిరియామ్ అన్నది అక్కడ ఆడపిల్లలకు పెట్టే పేరు. మగకుక్కకు ఆ పేరేమిటని ఊరివారు కొంతకాలం మమ్మల్ని అనుమానంగా చూశారు.

ఊరంటే పదకొండు ఇళ్ళు. అందులో చలికాలం పొగగొట్టం నుంచి పొగ లేచేవి నాలుగే. ఫ్రాన్సు నడిబొడ్డున లిమూజాన్ ప్రాంతంలో క్రూజ్ అనే జిల్లా ఉన్నది. ఆ దేశంలో జనం బాగా పలచబడిన జిల్లాలలో అదొకటి. ఎర్రని ఆవులు, చెస్ట్‌నట్ తోపులు, బూడిదరంగు రాతి ఇళ్ళు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇక్కడి తాపీపనివారు వేసవి అంతా పారిస్ వెళ్ళి ఆ నగరాన్ని కట్టి, చలికాలానికి ఇంటికి వచ్చేవారు. తమ ఊళ్ళలో మిగిల్చిన గోడలు కూడా అంత గట్టిగానే ఉన్నాయి, కప్పులే కూలిపోయాయి. 2002లో మేము కొన్నది అటువంటి ఇల్లే. కెంట్‌లోని మా ఇంటి విలువలో ఆరోవంతు కూడా కాలేదు.

ఆ మాట మా బంధువులకు చెప్పినప్పుడు ఒకాయన చాలాసేపు లెక్క వేసి, "ఆ డబ్బుతో భీమవరం దగ్గర రెండెకరాల చేపల చెరువు వచ్చేది కదండీ" అన్నాడు. నిజమే కావచ్చు. కాని కుక్కలను కారు వెనుక సీటులో కూర్చోబెట్టుకుని భీమవరం వెళ్ళలేము. అదీగాక, మా తాతగారి పెంకుటిల్లు అన్నదమ్ముల పంపకాలలో అమ్ముడైపోయిన నాటి నుంచి నాకు మట్టివాసన వచ్చే ఇంటి మీద ఒక వెలితి ఉండేది. ఆ వెలితి క్రూజ్‌లో తీరడం వింతే. ఆ పెంకుటింట్లో కుక్క అరుగు దాటి లోపలికి రావడానికి వీలులేదు. పొరపాటున తగిలితే మా నాయనమ్మ స్నానం చేసేది. ఈ రాతి ఇంట్లో కుక్కలు మా మంచం మీదనే పడుకుంటాయి.

ఇల్లు కొనడం ఒక యెత్తు, కుక్కలతో అక్కడికి రాకపోకలు సాగించడం ఇంకొక యెత్తు. 2000 సంవత్సరం ఫిబ్రవరి చివర వరకు, ఐరోపా ఖండం నుంచి బ్రిటనుకు పెంపుడు కుక్కను తీసుకువస్తే, సాధారణంగా అది ఆరు నెలలపాటు విడిశాలలో బందీగా గడపవలసి వచ్చేది. అంతా పిచ్చికుక్క జబ్బు భయం. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదిమందులు స్వయంగా వేసిన చేతులు నావి, కనుక ఆ భయాన్ని నేనెన్నడూ వేళాకోళం చేయలేదు. తరువాత టీకా, చర్మం కింద గుర్తింపు చిప్పు, చిన్న పాస్‌పోర్టు వంటివి ఉంటే చాలన్నారు. ఇరవై ఏళ్ళు సుఖంగా గడిచాయి. 2021 జనవరి నుంచి బ్రిటను ఐరోపా కూటమి నియమాల నుంచి బయటపడగా, ఆ పాస్‌పోర్టులు చెల్లకుండా పోయాయి. ఇప్పుడు ప్రయాణం ప్రయాణానికీ పశువైద్యుని చేత కొత్త ఆరోగ్యపత్రం రాయించుకోవాలి. రాసిన పది రోజులలో సరిహద్దు దాటాలి. ఆ పైన 2022లో అది నాలుగు నెలలు చెల్లేది. తిరుగు ప్రయాణంలో బ్రిటను చేరడానికి 24 గంటలకు తగ్గకుండా, 120 గంటలకు మించకుండా, నట్టపురుగు మాత్ర వైద్యుడే వేసి, గంటతో సహా ఆ పత్రంలో రాయాలి.

మనుషులకూ ఒక లెక్క వచ్చింది. బ్రిటిషు పాస్‌పోర్టు గల మావంటివారు ప్రతి 180 రోజులలో 90 రోజులకు మించి ఐరోపాలో ఉండరాదు. సొంత ఇల్లు ఉన్నా సరే. పత్రం ప్రకారం కుక్కకు నాలుగు నెలలు, యజమానికి మూడు నెలలు! మేము ఫిబ్రవరి 17న వచ్చాము. మిరియం అన్నం మానిన బుధవారం మా 84వ రోజు. మే 17, మంగళవారంతో మా గడువు సరి.

గురువారం నాటికి మిరియం లేచి నిలబడితే వెనుక కాళ్ళు తడబడుతున్నవి. ఒళ్ళు కాలిపోతున్నది. "ఏమండీ, వైద్యుని దగ్గరకు తీసుకువెళదాము" అని నా భార్య ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అన్నది. సాయంత్రం దాకా చూద్దామన్నాను. ఈ మాట రాయడానికి నాకిప్పటికీ కష్టంగానే ఉన్నది.

సాయంత్రం దాన్ని ఎత్తుకుని పెరటి గోడ వద్ద దించాను. అప్పుడే పొరుగావిడ తన కూరమడి నుంచి తిరిగి వస్తున్నది. ఎనభై దాటిన వితంతువు. ఆవిడతో మా పరిచయం కూడా కుక్క పుణ్యమే. ఇల్లు కొన్న తొలి రోజులలో, వీటికి ముందు మా దగ్గరుండిన కుక్క ఆవిడ దొడ్డిలో దూరి బంగాళాదుంపల సాలు మొత్తం తవ్విపోసింది. డాక్స్‌హుండులను జర్మనీలో తయారుచేసినదే బొరియలలో దూరి వేటాడడానికి. వాటిని తవ్వవద్దనడం చేపను ఈదవద్దనడమే. క్షమాపణ చెప్పుకోవడానికి నాకు చేతనైన నాలుగు ఫ్రెంచి ముక్కలు కూడగట్టుకుని వెళ్ళాను. ఆవిడ కోపగించక కాఫీ ఇచ్చింది. అంతకుముందు అటూ ఇటూ నమస్కారాలే గాని, ఆ ఊళ్ళో ఎవరి గడపా మేము తొక్కి ఎరుగము.

ఆ సాయంత్రం ఆవిడ మమ్మల్ని పలకరించలేదు. గోడ మీద తడిని చూసింది. నేను చూడనిది అదే. మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉన్నది. ఆవిడ చేతిలోని బుట్ట కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, మిరియం పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"పిరో" అన్నది. ఒక్కటే మాట.

ఆవిడ భర్త వేటగాడు. ఒకప్పుడు ఆ ఇంట పన్నెండు వేటకుక్కలు ఉండేవట. పైరోప్లాస్మోసిస్ అన్న పొడుగాటి పేరును అక్కడి వేటగాళ్ళు పిరో అని కుదించి పిలుస్తారు. వసంతంలో, శరత్తులో పొదల అంచున, పొడుగు గడ్డిలో కాచుకుని ఉండే ఒక జాతి పిడుదు కుక్కను పట్టుకుని రక్తం తాగుతూ, బబేసియా అనే సూక్ష్మజీవిని లోపలికి వదలుతుంది. అది ఎర్ర రక్తకణాలలో చేరి వాటిని పగలగొడుతుంది. పగిలిన కణాల రంగే మూత్రంలోకి వస్తుంది. పొట్ట నేలకు ఆనుతూ నడిచే కుక్కకు పిడుదులు పట్టడం ఎంత సులభమో చెప్పనక్కరలేదు. నెలకొకసారి మెడ వెనుక వేయవలసిన మందు ఆ నెల పది రోజులు ఆలస్యం చేశాను. ఇంగ్లండులో ఈ జబ్బు అరుదు. 2016 ప్రాంతంలో ఎసెక్స్‌లోని హార్లో పట్టణం వద్ద, దేశం దాటి ఎరుగని కొన్ని కుక్కలకు సోకితే అది పెద్ద వార్త అయింది. లిమూజాన్‌లో అది ప్రతి వేటగాడికీ తెలిసిన సంగతి.

ఆవిడే వైద్యశాలకు ఫోను చేసింది. మూసే వేళ అయినా, వస్తున్నామని చెప్పి వారిని ఆపింది. ఇరవై రెండు కిలోమీటర్లు నా భార్య కారు నడిపింది. మిరియం నా ఒళ్ళో ఉన్నది. దాని బరువు అయిదు కిలోలు ఉండదు. ఆ ప్రయాణంలో నేను విశాఖ మన్యంలో ఉన్నాను.

1971లో, ఆంధ్రా మెడికల్ కాలేజీ నుంచి వచ్చిన కొత్తలో, మన్యంలోని ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పనిచేశాను. ఆ యేడు వానాకాలంలో ఒక కొండవూరి నుంచి పదేళ్ళ పిల్లవాణ్ణి డోలీలో మోసుకువచ్చారు. వాడి తండ్రి నా బల్ల ముందు నిలబడి మొదట చెప్పినది జ్వరం సంగతి కాదు. "బాబూ, పిల్లడికి నల్లగా పోతున్నది" అన్నాడు. నేను ఆ మాట విననట్లే గుండె, ఊపిరితిత్తులు, ప్లీహం వరుసగా పరీక్ష చేయసాగాను. పుస్తకంలో వరుస అది. మలేరియా ముదిరి రక్తకణాలు కుప్పగా పగిలినప్పుడు మూత్రం నల్లబడుతుందని చదువుకున్నవాణ్ణే. పిల్లవాడు దక్కలేదు. నేను ముందే విని ఉంటే దక్కేవాడని కూడా చెప్పలేను, అప్పటికే మించిపోయింది. కాని ఆ రోజు నుంచి జ్వరంతో వచ్చిన ఏ రోగినైనా నేను అడిగే మొదటి ప్రశ్న మూత్రం రంగే అయింది. ఇంగ్లండులో తోటి వైద్యులు దాన్ని చూసి నవ్వేవారు కూడా. అటువంటి నేను నా ఒళ్ళో పెరిగిన ప్రాణిని ముప్పై ఆరు గంటలు చూస్తూ, ఆ ఒక్క ప్రశ్న వేసుకోలేదు.

పశువైద్యురాలు మిరియం చెవి అంచున సూదితో గుచ్చి, రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి, రంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. నేను వైద్యుణ్ణని నా భార్య చెప్పినట్లుంది. ఆమె పక్కకు జరిగి నన్ను చూడమన్నది. ఎర్రకణాలలో బేరిపండు ఆకారంలో, తొడిమలు కలుపుకున్నట్లు జంటజంటగా ఉన్నాయి. మన్యంలో రాత్రివేళ లాంతరు వెలుగున నేను చూసిన ఉంగరాల వంటి మలేరియా క్రిములకు ఇవి దూరపు చుట్టాలు. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు ఈ జాతి క్రిమిని పశువులకు చేరవేసేది పిడుదు అని నిరూపించారు. 1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూడడానికి అది నాలుగేళ్ళు ముందటి మాట. పరీక్షలో ఈ సంగతి రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఇమిడోకార్బ్ అనే సూదిమందు ఇచ్చారు. అది నొప్పి మందు. మిరియం మూలగలేదు, అంత ఓపిక లేదు. సెలైను పెట్టి ఆ రాత్రి అక్కడే ఉంచుకుంటామన్నారు. మూత్రపిండాలు తట్టుకుంటే బతుకుతుంది, రేపు ఉదయం చెబుతామన్నారు.

ఇంటికి వచ్చేసరికి పొరుగావిడ మా గుమ్మంలో జీలకర్రను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నది. దాని బొచ్చంతా వేళ్ళతో వెదికి, మూడు పిడుదులు తీసి, చిన్న సీసాలో వేసి మూత పెట్టింది. పిడుదును లాగకూడదు, కొక్కెంతో పట్టి మెలితిప్పాలి అని నా చేతికి ఆ కొక్కెం ఇచ్చి చేయించింది. ఇరవై ఏళ్ళుగా ఆ కొక్కెం ఆవిడ వంటింటి గోడకు వేలాడుతూ ఉండగా చూస్తూనే ఉన్నాను. అదేమిటని ఒకనాడూ అడగలేదు.

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకు ఫోను వచ్చింది. జ్వరం దిగింది. మూత్రం రంగు తేటపడుతున్నది. శనివారం దాన్ని తెచ్చుకున్నాము. సోమవారం పొద్దున్న తొమ్మిది గంటలకు వైద్యురాలు రెండింటికీ నట్టపురుగు మాత్ర వేసి పత్రంలో సంతకం చేసింది. మంగళవారం తెల్లవారకముందే బయలుదేరాము. కలే వరకు ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు. పశువుల తనిఖీ గదిలో చిప్పు చదివే యంత్రం మిరియం మెడ మీద కూత పెట్టినప్పుడు అది తోక కదిలించింది. జబ్బు చేసిన తరువాత అదే మొదటిసారి. సరిహద్దు అధికారి మా పాస్‌పోర్టులలో ముద్రల తేదీలు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తొంభై. తలెత్తి మమ్మల్ని చూసి ముద్ర వేశాడు. సముద్రం కింద ముప్పై అయిదు నిమిషాల రైలు ప్రయాణంలో ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఆ వేసవిలో నా భార్య ఇల్లు అమ్మేద్దామన్నది. మన వయసు, ఈ కాగితాలు, ఆ పిడుదులు, అన్నీ ఆలోచించమన్నది. న్యాయమైన మాటలే. నేను సరేనన్నాను కూడా. నవంబరులో అమ్మకం సంగతి మాట్లాడడానికని వెళ్ళి, పొరుగావిడ ఇచ్చిన చెస్ట్‌నట్లు కాల్చుకు తిని, ఎవరితోనూ మాట్లాడకుండానే తిరిగి వచ్చాము.

2023 శరత్కాలంలో ఆవిడ ఇంటి కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. మెట్ల మీద పడి తుంటి విరిగిందట. పట్టణంలోని వృద్ధాశ్రమంలో చేర్చారట. మిరియం రోజూ సాయంత్రం ఆ మూసిన తలుపు ముందు కాసేపు కూర్చుని తిరిగి వచ్చేది. వారం చూసి, ఆశ్రమం వారి అనుమతి అడిగి, రెండు కుక్కలనూ తీసుకువెళ్ళాము. ఆవిడ చక్రాల కుర్చీలో, ఎండ పడే కిటికీ దగ్గర ఉన్నది. మమ్మల్ని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. మిరియాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టాను. పేరు పెట్టి పిలవలేదు, తల నిమరలేదు. వణికే బొటనవేలితో ముందు దాని పైపెదవి ఎత్తి, కిటికీ వెలుతురు వైపు తిప్పి, చిగుళ్ళు చూసింది.