845 పక్కన ఒక అక్షరం

మా అక్క కొడుకు మొన్న వాట్సాప్‌లో ఒక జాబితా పంపాడు. ఇంటర్ అయిపోయింది, ఇంజినీరింగులో చేరుతున్నాడు, కాబట్టి వాడికో గేమింగ్ కంప్యూటర్ కావాలి (చదువుకోడానికేనట :-)). రెడీమేడ్‌ది వద్దట, పార్టులు కొని తనే బిగించుకుంటాడట. కింద ఒక ముక్క: "మామా, గిదంత ఓకేనా? డాడీ పైసలిచ్చిండు, రేపు ఆర్డర్ పెడ్త."

డెబ్బై వేలు. అందులో అక్క సంఘంలో తీసుకున్నది ఎంతో నాకు తెలుసు.

ప్రాసెసర్ రైజెన్ 5 5600. మదర్‌బోర్డు బి650. ర్యామ్ డీడీఆర్4. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060. కేబినెట్ ముందువైపంతా గాజు, లోపల రంగురంగుల లైట్లు. పవర్ సప్లై ఊసే లేదు. ఫోన్ చేసి బి650 ఎందుకురా అంటే, "బి550 కన్న పెద్దది గద మామా" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ నవ్వలేకపోయాను. 2004లో నేను చేసిందీ అచ్చంగా ఇదే.

అప్పుడు నేను ఇంజినీరింగు రెండో సంవత్సరం. మాది నల్గొండ పక్కన పల్లె. ఆ ఏడు బత్తాయి బాగా కాసింది, నాయిన తోట డబ్బుల్లోంచి తీసి కంప్యూటర్ కొనిచ్చాడు. పెంటియం 4, ఇంటెల్ 845 బోర్డు. మీలో చాలామంది మొదటి కంప్యూటర్ కూడా అదే అయ్యుంటుంది. వైస్ సిటీ ఈడ్చుకుంటూ నడిచేది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అయితే అసలు మొదలే కాలేదు. బోర్డులో ఉన్న గ్రాఫిక్స్ చాలదు, కార్డు వేస్కో అన్నారు హాస్టల్లో. మెస్ బిల్లని నాయినకి అబద్ధం చెప్పి మూడు వేలు తీసుకుని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి (సీటీసీ అంటేనే తెలుస్తుంది లెండి) పోయాను. జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5200 అడిగాను. షాపతను "ఏం బోర్డు?" అన్నాడు. "845" అన్నాను గర్వంగా. ఇచ్చేశాడు. ఆయన తప్పేం లేదు.

నల్గొండ దాకా బస్సులో ఆ డబ్బా ఒళ్ళోంచి దించలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్ మూత తీసి చూస్తే కార్డు పెట్టడానికి చోటే లేదు. తెల్లటి పీసీఐ స్లాట్లున్నాయి, ఏజీపీ స్లాటు ఉండాల్సిన చోట ఖాళీ. నా బోర్డు 845 కాదు, 845జీవీ. 845జీ చిప్‌సెట్‌కి బయటి కార్డు పెట్టుకునే ఏజీపీ దారి ఉంటుంది, జీవీకి ఉండదు. ఒక్క 'వీ'.

మూత మళ్ళీ బిగిస్తుంటే నాయిన వచ్చి "నడుస్తుందారా?" అన్నాడు. "ఆ" అన్నాను. కార్డు తర్వాత జూనియర్ ఒకడికి సగం ధరకి అమ్మాను.

ఇక మావాడి సంగతి. 5600 కూర్చునేది ఏఎం4 సాకెట్‌లో. బి650 బోర్డుది 2022లో వచ్చిన ఏఎం5. పాతదానికి ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులుంటాయి, కొత్తదానికి బోర్డు మీదే 1718. ఎంత నొక్కినా కూర్చోదు, నొక్కితే విరుగుతాయి. ఏఎం5కి డీడీఆర్5 ర్యామే కావాలి, డీడీఆర్4 గాడి చోటే వేరు. కాబట్టి బి550. బి450 ఇంకా చవగ్గా దొరకొచ్చు గానీ అది 2018 నాటిది. పాత స్టాకైతే బయోస్ అప్‌డేట్ చేయందే 5600ని గుర్తుపట్టదు. ఆ అప్‌డేట్ చేయడానికి (ఫ్లాష్‌బ్యాక్ సదుపాయం లేకపోతే) ఇంకో పాత ప్రాసెసర్ కావాలి. వాడెక్కణ్ణుంచి తెస్తాడు?

అక్షరాల గొడవ ఇప్పుడూ ఉంది. 5600జీలో గ్రాఫిక్స్ ఉంది, ఉత్త 5600లో లేదు. మానిటర్ వైరు బోర్డుకి పెట్టి "బొమ్మొస్తలేదు మామా" అని రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తాడని ముందే చెప్పి ఉంచాను, కార్డుకే పెట్టమని.

పవర్ సప్లై దగ్గర మాత్రం కాస్త గట్టిగానే అన్నాను. 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, ఎన్‌విడియా వాళ్ళు 550 వాట్ల సప్లై పెట్టుకోమంటారు. కేబినెట్‌తో పాటు వచ్చే సప్లై మీద '500 వాట్లు' అన్న స్టిక్కర్‌ని నమ్మి మా ఊళ్ళో కంప్యూటర్ నడపడమా? చుట్టుపక్కల బోరు మోటర్లు ఆన్ చేస్తే ఫ్యానే నీరసంగా తిరుగుతుంది. మంచి సప్లై, దానికి సరిపడా యూపీఎస్. ఆ డబ్బులు గాజు కేబినెట్‌లోంచి మిగిల్చుకోమన్నాను. మే నెల నల్గొండలో ముందువైపు గాజేమిటి, జాలీ ఉన్నది తీస్కో అంటే "లైట్లు కనపడయి గద!" అని అలిగాడు. ఆ పంచాయితీ ఇంకా తేలలేదు.

ఆర్డర్ ఆపించాను. ఆదివారం ఇద్దరం సీటీసీకి పోతున్నాం. డబ్బా మీది పేరు చివరి అక్షరం దాకా చదివాకే డబ్బులు తీయాలని షరతు. ఎందుకింత పట్టుదల అని అక్క అడిగింది గానీ చెప్పలేదు. చెప్తే నాయిన దాకా పోతుంది. ఆయన లెక్కలో ఆ మూడు వేలు ఇప్పటికీ మెస్ బిల్లే.