గట్టింగ్ మెషీన్ పక్కన కూర్చుని

టెన్నిస్ రాకెట్లకు గట్టింగ్ చేయడం, అంటే తీగలు బిగించడం నా పని. టోర్నమెంటు ఎక్కడ పెడితే అక్కడికి మెషీన్ మోసుకెళ్ళి, కోర్టుల పక్కన ఓ మూల టేబుల్ వేసుకుంటాను. ఓ ఖమ్మం అమ్మాయి జూనియర్‌గా ఆడినన్నాళ్ళూ తీగ తెగాకే నా దగ్గరికొచ్చేది. తెగకపోతే వాళ్ళ నాన్న రాకెట్ అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంకో రెండు మ్యాచులు ఆగదా అన్నా?” అని అడిగేవాడు. చిన్న ఉద్యోగం ఆయనది. గట్టింగ్ ఖర్చు ప్రతిసారీ లెక్క చూసుకోవాల్సిందే.

2005 ఫిబ్రవరిలో ఫతే మైదాన్ టెన్నిస్ కాంప్లెక్స్‌లో సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ ఫైనల్ ఆడిన రోజు ఆయనా నేనూ గ్యాలరీలోనే ఉన్నాం. అప్పటికి మాకు పరిచయం లేదు. ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొందారెంకో మీద 6-4, 5-7, 6-3. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు, వయసు పద్దెనిమిది. “పాప పుడితే రాకెట్ పట్టిస్తానని ఆ రోజే అనుకున్నానన్నా” అని తర్వాత చెప్పాడు. పాప మరుసటి ఏడాది పుట్టింది.

2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచినప్పుడు సానియాను ఊరంతా చూసింది. ఆ ఫైనల్‌కూ ఈ ఫైనల్‌కూ మధ్య నైజీరియా దాకా వెళ్ళి ఆడిన చిన్న టోర్నమెంట్లను ఎవరు చూశారు? జూనియర్ ఆట ప్రొఫెషనల్ ఆటగా మారేది అక్కడే.

ఖమ్మం అమ్మాయి విషయంలో ఆ మార్పును నేను దగ్గర్నుంచి చూశాను. 2023లో తనకు పదిహేడు. జే30 జూనియర్ టోర్నమెంట్లు గెలిచింది, పేపర్లో ఫొటో కూడా పడింది. ఆ ఊపులోనే ప్రొఫెషనల్ మెట్లలో అన్నిటికన్నా కింద ఉండే డబ్ల్యూ15 టోర్నమెంటుకు క్వాలిఫయింగ్ ఆడటానికొచ్చింది. ఎదురుగా ఇరవై ఆరేళ్ళ మహారాష్ట్ర అమ్మాయి. ఆమె గట్టిగా కొట్టిందే లేదు. ప్రతి బంతినీ స్లైస్ చేసి మోకాళ్ళ కిందికి పంపింది. మనమ్మాయి సెకండ్ సర్వ్ వేసినప్పుడల్లా రెండడుగులు లోపలికొచ్చి నిలబడింది. జూనియర్లలో నాలుగు బంతులు తిరిగొస్తే ఐదోది అవతలివాళ్ళు నెట్‌కు కొడతారు. ఇక్కడ పదోది కూడా తిరిగొచ్చింది. గంటలో మ్యాచ్ అయిపోయింది. పాయింటు లేదు, డబ్బు లేదు. మెయిన్ డ్రాకు చేరినా మొదటి రౌండులో ఓడితే వచ్చే మొత్తం రైలు, హోటల్ ఖర్చులకే చాలదు.

ఆ తర్వాత నెలల తరబడి ఓడింది. జూనియర్‌గా వారం వారం గెలవడం అలవాటైన పిల్లకు వారం వారం ఓడటం ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను. ముప్పై రెండు మంది డ్రాలో ఓడకుండా ఇంటికెళ్ళేది ఒక్కరే, మిగతా ముప్పై ఒక్కరూ ఓడి వెళ్ళేవాళ్ళే. ఈ లెక్క పిల్లలకంటే ముందు తల్లిదండ్రులు అర్థం చేసుకోవాలని నా గట్టి నమ్మకం. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆట మాన్పిస్తారు. స్పాన్సర్లు కూడా ఇక్కడే కనపడరు. కప్పు పట్టుకున్న జూనియర్‌కు శాలువా కప్పేవాళ్ళున్నారు కానీ, పందొమ్మిదేళ్ళ పిల్లకు ఓ వారం హోటల్ ఖర్చు పెట్టుకునేవాళ్ళేరీ?

అమెరికా కాలేజీ దారి గురించి వాళ్ళ నాన్న నన్నడిగాడు. ఉన్నమాట చెప్పాను. విశాఖ కుర్రాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడి వచ్చాకే 2014 ఏషియాడ్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలిచాడు. మన సహజ యమలపల్లి కూడా శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడిన పిల్లే. చదువుతో పాటు కోచింగ్ దొరుకుతుంది, మ్యాచులు దొరుకుతాయి. ఆయన విన్నాడు. అమ్మాయి మాత్రం ఇంకో ఏడాది ఇక్కడే ఆడతానంది.

ఆ ఏడాదిలో ముందు రాకెట్ మారింది. తెగకపోయినా గట్టింగ్ కోసం రావడం మొదలుపెట్టింది. పాలియెస్టర్ తీగ కొన్ని గంటల ఆటకే బిగువు కోల్పోతుంది, తెగేదాకా ఆగితే బంతి ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. మూడు రాకెట్లు, మూడూ 52 పౌండ్లు. “అంకుల్, మూడూ ఒకేలా రావాలి” అనేది. నాన్న పక్కనున్నా డబ్బు తనే లెక్కపెట్టి ఇచ్చేది. సెకండ్ సర్వ్‌కు స్పిన్ వచ్చింది. పొడవాటి ర్యాలీల్లో తొందర తగ్గింది.

క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రాలో మొదటి రౌండు గెలిచిన రోజు నేనక్కడే ఉన్నాను. డబ్ల్యూటీఏ పాయింటు ఒకటి. దాంతోనే ర్యాంకు రాదు. మూడు టోర్నమెంట్లలో పాయింట్లన్నా తెచ్చుకోవాలి, మొత్తం పదన్నా కావాలి. అదీ ఏడాదిలోపే, 52 వారాలు దాటితే పాయింటు చెల్లదు. వాళ్ళ నాన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు, నాకూ మాట రాలేదు. తను మాత్రం చెమట తుడుచుకుంటూ మూడు రాకెట్లూ నా టేబుల్ మీద పెట్టింది.

“వచ్చేవారం సోలాపూర్, అంకుల్. అక్కడ ఎండలకు బంతి ఎగురుతుంది. రెండు పౌండ్లు పెంచండి.”