విత్తనం చెప్పే వంశకథ

బఠాణీలో పొడుగు మొక్కకూ పొట్టి మొక్కకూ సంకరం చేస్తే మొదటి తరమంతా పొడుగే. పొట్టితనం పోయిందనుకుంటాం. రెండో తరంలో ప్రతి నాలుగింట సుమారు ఒకటి మళ్ళీ పొట్టిదే! మెండెల్ మహాశయుడు 1866లో ప్రచురించిన ఈ లెక్కను పరీక్ష కోసమే బట్టీ పట్టే మిత్రులకు ఒక మాట.

భోగాపురంలో మా అయ్య ఒకనాడు అడిగాడు: "ఈ ధాన్యం ఇత్తనానికి దాస్తే మళ్ళీ ఇదే పంటొస్తాదేట్రా?"

స్వర్ణ లాంటి రకమైతే దాచుకోవచ్చునన్నాను. వరి పువ్వు చాలామటుకు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. తల్లి గుణాలే పిల్లకొస్తాయి. కల్తీ కంకులు ఏరేస్తే చాలు. హైబ్రిడ్ మాత్రం దాచకూడదు. అది మొదటి తరం. దాని గింజలు చల్లితే గుణాలు విడిపోయి ఒకటి ఎత్తుగా, ఒకటి గిడసగా, ఒకటి ముందు, ఒకటి వెనక పండుతుంది. పెట్టుబడి గంగపాలే.

అలాగని ఊరంతా ఒకే రకం వేస్తే? మార్టేరులో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ రోజుల తరబడి నీట మునిగితే దక్కదు. రెండు వారాల ముంపుకైనా ఓర్చే స్వర్ణ-సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. ఆ ఓర్పునిచ్చిన జన్యువు ఎక్కడిది? ఒడిశా నాటు వరిది! ఏ పేరులేని రైతులో తరతరాలుగా దాచిన గింజ అది.

2014లో హుద్‌హుద్ చూసినవాళ్ళం మనం. మిత్రులారా, సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఇంటి పాత విత్తనాల పేర్లు అడగండి. గింజ మిగిలుంటే ఒక సెంటులోనైనా వేయించండి. వైవిధ్యం పోయాక జన్యుశాస్త్రం కూడా చేతులెత్తేస్తుంది.