ఐదు వందల లాభం

గత రమజాన్‌కు కొద్ది రోజుల ముందు మా మేనకోడలు తిమ్మాజిపేటలోని మా ఇంటికి వచ్చింది. తన ముమానీకి కానుకగా ఒక హ్యాండ్‌బ్యాగు తెచ్చింది. నల్లని బ్యాగు. దానిపై బంగారు రంగు లోహపు అక్షరాలతో ఒక విదేశీ కంపెనీ పేరు ఉంది.

“నేను అమ్మేవి ఇవే మామూ. ఆనాడు మీరే కదా దుఆ చేసి మొదలుపెట్టమన్నారు!” అంది సంతోషంగా.

నిజమే. ఏడాది క్రితం ఆమె ఫోనులో వ్యాపారం చేస్తానని సలహా అడిగితే, వర్తకంలో బర్కత్ ఉందని, బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టమని చెప్పింది మేమే. ఏమి అమ్ముతావు, ఎలా అమ్ముతావు అని అడగలేదు. ఏళ్ల తరబడి విద్యార్థులకు క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తున్న మాకు సొంత ఇంటి బిడ్డను ఆ ప్రశ్న అడగాలని తోచలేదు.

ఆ రోజు అడిగాము. హైదరాబాదులోని ఒక టోకు వర్తకుడు వాట్సాప్‌లో ఫోటోలు పంపుతాడు. అతని ధర 900 రూపాయలు. ఆమె దానికి 500 కలిపి, అవే ఫోటోలను పరిచయస్తులకు పంపుతుంది. డబ్బు అందాక అతనికి చిరునామా తెలుపుతుంది. బ్యాగు అక్కడి నుంచే నేరుగా కొన్నవారి ఇంటికి పోతుంది. అమ్మిన వస్తువును ఆమె కంటితో కూడా చూడదు.

మాటల మధ్యలోనే ఫోను మోగింది. అవతల నాగర్‌కర్నూల్‌లోని ఒక ఉపాధ్యాయురాలు. కొన్న మూడు వారాలకే బ్యాగు పట్టీ ఊడిపోయిందట. కంపెనీ సరుకు తగ్గింపు ధరకు దొరికిందని నమ్మి కొన్నారట. హైదరాబాదు వర్తకుడు వాపసు తీసుకోనన్నాడు. ఫోను పెట్టేసి మా మేనకోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. “నేను అబద్ధం ఆడలేదు మామూ. అసలుదా, నకలుదా అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.”

సమస్యంతా ఆ చెప్పకపోవడంలోనే ఉంది.

లాభం తీసుకోవడం తప్పు కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) ఒక గొర్రె కొనమని ఉర్వా (రజి)కు ఒక దీనారు ఇచ్చారు. ఆయన ఆ దీనారుతో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని ఒక దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ తెచ్చి ముందుంచారు. ప్రవక్త ఆయన వర్తకంలో శుభం కలగాలని దుఆ చేశారు. హెర్మెస్ కంపెనీ 1984లో మొదలుపెట్టిన బర్కిన్ బ్యాగుల సంగతి చూడండి. చేతితో కుట్టే ఆ బ్యాగులు అడిగిన వారందరికీ దొరకవు. దొరికినవారు కొందరు వాటిని కొన్న ధరకంటే ఎక్కువకు ఆన్‌లైన్‌లో అమ్ముకుంటారు. నటి జేన్ బర్కిన్ కోసం తయారైన మొట్టమొదటి బ్యాగు 2025 జూలైలో ప్యారిస్ వేలంలో సుమారు 86 లక్షల యూరోలు పలికింది. ఒక సంచికి అంత వెచ్చించడం దుబారా అవునో కాదో కొన్నవారు ఆలోచించుకోవాలి. అమ్మినవాడు మాత్రం తనదైన అసలు వస్తువును ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే, ఆ అమ్మకం చెల్లుతుంది.

మన బిడ్డ అమ్మకంలో మూడు లోపాలున్నాయి. మొదటిది, తన దగ్గర లేనిదాన్ని అమ్మడం. హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఇదే విషయం అడిగినప్పుడు ప్రవక్త వారించారు. రెండవది, లోపాన్ని దాచడం. మదీనా అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, అడుగున తడి తగలగానే, దాన్ని అందరికీ కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త నిలదీశారు. ఆ వర్తకుడూ నోటితో అబద్ధం ఆడలేదు. మూడవది, పరుల పేరు వాడుకోవడం. మరమగ్గం చీరను గద్వాల చేనేత అని ఎవరైనా అమ్మితే, నూలు చీరకు పట్టు అంచు కలిపి నేసే మన నేతన్న కూలి దోచుకున్నారని మనం బాధపడమా? కంపెనీ సంపన్నమైనదైనంత మాత్రాన దాని పేరు మన సొత్తు కాదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం కూడా ఇది జైలుశిక్ష పడే నేరమే.

ఉపాధ్యాయురాలికి 1,400 రూపాయలూ తిరిగి ఇవ్వమన్నాము. టోకు వర్తకుడు వాపసు తీసుకోకపోయినా కొన్నవారి హక్కు పోదు. మిగిలినవారికి కూడా అది నకలని తెలిపి, వద్దనుకుంటే డబ్బు తిరిగి ఇస్తానని సందేశం పంపించాము. నలుగురు తిరిగి ఇచ్చారు. ఆ భారంలో సగం మేము మోశాము. విచారించకుండా సలహా ఇచ్చిన తప్పు మాది.

ఇప్పుడు ఆమె ఏ కంపెనీ పేరూ లేని బ్యాగులు డజను చొప్పున కొని, ఇంట్లో ఉంచి, పట్టీలు లాగి చూశాకే ఫోటో తీస్తుంది. కింద ‘రెగ్జిన్, తోలు కాదు’ అని రాస్తుంది. బ్యాగుకు నూటయాభై కూడా మిగలడం లేదంటుంది. సొంతంగా కొనే స్తోమత లేనివారికి మరో దారి ఉంది. సరుకు ఎవరిదో దాచకుండా, పేరూ నాణ్యతా నిజమైనవైతే, వర్తకునితో ముందే కుదుర్చుకున్న కమీషనుకు అమ్మిపెట్టవచ్చు.

మా ఇంట్లోని నల్లబ్యాగుపై ఉన్న లోహపు అక్షరాలను వాళ్ల ముమానీ కత్తెర మొనతో ఊడదీసింది. అక్కడ రెండు చిన్న రంధ్రాలు మిగిలాయి. ఆ బ్యాగుతోనే ఆమె అంగడికి వెళ్తోంది.

మీ ఇంటి ఆడబిడ్డలు ఫోనులో వర్తకం చేస్తుంటే సంతోషించండి, ప్రోత్సహించండి. కానీ మేము మరచిన ప్రశ్న మీరు మరచిపోకండి. దాచకుండా సంపాదించిన కొద్దిపాటి లాభంలోనే అల్లాహ్ మనందరికీ శుభం కలుగజేయుగాక. ఆమీన్.