కుక్కపిల్లకు కడుపు చెడితే

మన హాస్టలు వంటశాల వెనుక కట్టెల గుట్ట కింద నల్లమ్మ పెట్టిన నాలుగు పిల్లల సంగతి మీకందరికీ తెలుసు. పేర్లు పెట్టడానికి తరగతికొకరు కొట్టుకున్నారు. పేరు పెట్టడంలో ఉన్న హుషారు వాటి దొడ్డి ఎలా ఉందో చూడడంలో మాత్రం ఎవరికీ లేదు. నేనూ వాచ్‌మన్ తాతా కలిసి టైగర్‌ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి వచ్చినప్పటి నుండి, చిన్న పిల్లలు రోజూ వచ్చి "అన్నా, మాది పలచగా వెళ్తోంది, ఏటి సెయ్యాలి?" అని అడుగుతున్నారు. అందుకే చూసిందీ, డాక్టరమ్మ గారు చెప్పిందీ ఇక్కడ రాస్తున్నాను.

పలచగా వెళ్ళిన ప్రతిసారీ రోగం అనుకోనక్కరలేదు. మనం తినగా మిగిలిన సాంబారు అన్నం, ఆదివారం కోడి ఎముకలు, పులిసిన పప్పు అన్నీ వాటి ముందే పోస్తాం. మనకే అరగనిది నెలన్నర పిల్లకు ఎలా అరుగుతుంది? పాలు మంచివే కదా అని ఆవు పాలు గిన్నెడు పోస్తారు కొందరు. కుక్క పాలకన్నా ఆవు పాలలో కొవ్వు, మాంసకృత్తులు తక్కువ, పాల చక్కెర ఎక్కువ. ఆ చక్కెర అరగకపోతే నీళ్ళలా వెళ్ళిపోతుంది. తల్లి పాలు తాగుతున్న పిల్లకు వేరే పాలు ఎందుకు చెప్పండి!

రెండోది నట్టలు. పొట్ట కుండలా ఉంటుంది, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. దాన్ని చూసి "ఎంత బొద్దుగా ఉందో" అని మురిసిపోతాం! ఏడో తరగతి వాళ్ళ బుజ్జి ఒకరోజు వాంతి చేసుకుంటే అందులో సేమియా లాంటి తెల్లని పురుగులు కదిలాయి. ఆడపిల్లలకన్నా మగపిల్లలే ఎక్కువ కేకలు పెట్టారు (ఎవరో రాయను). ఈ పురుగులు పుట్టకముందే తల్లి కడుపులోంచి పిల్లకు వస్తాయట, తర్వాత పాల ద్వారా కూడా. అందుకని రెండు వారాల వయసు నుండి ఎనిమిది వారాల దాకా రెండు వారాలకొకసారి, ఆపైన ఆరు నెలలు వచ్చేదాకా నెలకొకసారి నట్టల మందు పట్టాలి. మనకు బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ళ తుంచి పెడదామని ఒకడు సలహా ఇచ్చాడు. అది మన బరువుకు. కుక్కపిల్లను తూకం వేసి, దానికి తగినంత మందు డాక్టరు గారే చెప్పాలి. ఇంకో మాట. ఆ పురుగుల గుడ్లు మట్టిలో ఉండి మన చేతుల ద్వారా మన కడుపులోకీ వస్తాయి. కట్టెల గుట్ట దగ్గర గోలీలాడి అలాగే అన్నానికి కూర్చునేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

ఇప్పుడు టైగర్ సంగతి. ఆ రోజు తెల్లవారు స్టడీ అవర్లో పసుపు నురగ వాంతి చేసుకున్నాడు. ఈల వేస్తే రాలేదు. టిఫిను బెల్లు కొట్టేసరికి రక్తంతో నీళ్ళ విరేచనం, ముక్కు మూసుకునేంత కంపు. మెడ మీద చర్మం పట్టి లేపి వదిలితే వెంటనే కిందికి దిగలేదు, చిగుళ్ళు ఎండిపోయి జిగురుగా ఉన్నాయి. ఒంట్లో నీరు పోయిందనడానికి అవే గుర్తులట. కమాటి అత్త "సాయంత్రం వరకూ సూద్దాం లేరా, కుక్కపిల్ల గదా, అదే సర్దుకుంటాది" అంది. ఆవిడ చెడ్డ మనసుతో అనలేదు, మా ఊళ్ళోనూ అంతే అంటారు. వార్డెన్ మాస్టారు మాత్రం దాని చిగుళ్ళు చూసి "ఇప్పుడే పట్టుకెళ్ళండి" అని ఆటోకు డబ్బులిచ్చారు. అట్టపెట్టెలో గోనె పరిచి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ గారు చూసి పార్వో అన్నారు. ఇది కుక్కలకు వచ్చే వైరసు జబ్బు. 1978లో మొదటిసారి గుర్తించారట, రెండేళ్ళలో ప్రపంచమంతా పాకింది. వైరసును చంపే మామూలు మందు లేదు. పోయిన నీటిని సెలైనుతో తిరిగి ఎక్కించి, వాంతులు ఆపి, వేరే క్రిములు రక్తంలోకి దిగకుండా ఇంజెక్షన్లు ఇస్తే, ఆ వ్యవధిలో ఒళ్ళే దానితో పోరాడుతుంది. చిన్న పిల్లలో నీరు గానీ చక్కెర గానీ నిలవ ఉండదు కాబట్టి పూటలోనే పరిస్థితి మారిపోతుంది. మూడు రోజులు తాత, నేను తిరిగాం. నాలుగో రోజు టైగర్ తోక ఊపాడు. గడ్డిమేటు పక్కకు పోయి ఒంటరిగా పడుకున్న రాణిని మాత్రం ఆ రాత్రి ఎవరూ చూడలేదు. తెల్లారేసరికి చచ్చిపోయి ఉంది. దానికి ఒక్క వాంతే అయిందని తర్వాత ఐదో తరగతి పాప ఏడుస్తూ చెప్పింది.

కాబట్టి ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు పరుగెత్తాలి అంటే ఇది నాకు అర్థమైంది. ఒకటి రెండుసార్లు పలచగా వెళ్ళినా ఆడుతూ, నీళ్ళు తాగుతూ ఉంటే ఒకరోజు చూడవచ్చు. ఉప్పూ కారం లేని మెత్తటి అన్నం, ఉడికించిన కోడి మాంసం కొంచెం కొంచెంగా పెట్టాలి, పస్తు పెట్టకూడదు. రక్తం కనిపించినా, మలం తారులా నల్లగా ఉన్నా, తాగిన నీళ్ళు కూడా కక్కేస్తున్నా, పిలిస్తే లేవకపోయినా, చిగుళ్ళు తెల్లబడినా, పొట్ట డోలులా బిగిసినా, ఎలుకల మందు తిందని అనుమానం ఉన్నా ఆ రోజే వెళ్ళాలి. ఎలాగూ సంతకు వెళ్తాం కదా అని సంత రోజు దాకా ఆగకూడదు. ఇంకా కళ్ళు సరిగా తెరవని పిల్లయితే ఒక్క విరేచనానికే వెళ్ళాలి. బండి దొరకకపోతే పశువుల అంబులెన్సుకు 1962 నంబరు ఉంది, సిగ్నలు కోసం మనం వాటర్ ట్యాంకు ఎక్కాల్సి ఉంటుంది గానీ!

మన జ్వరం బిళ్ళలూ నొప్పి బిళ్ళలూ కుక్కలకు విషం. వాంతి చేసుకుంటున్న దాని నోట్లో నీళ్ళు బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే ఎముక అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టకండి, అది పిచ్చికుక్క వ్యాధి కూడా కావచ్చు. వెంటనే మాస్టారికి చెప్పండి.

పార్వో మనుషులకు అంటదు, కానీ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. మామూలు ఫినాయిలుకు చావదు. అందుకే కట్టెల గుట్ట చుట్టూ బ్లీచింగు పౌడరు నీళ్ళు చల్లాం. ఈ ఏడాది అక్కడికి ఇళ్ళ నుండి కొత్త కుక్కపిల్లల్ని తేవద్దు. టీకా ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి. బుజ్జికీ, కర్రెన్నకూ రెండు వారాలు చూసి, ఏ జబ్బూ లేదని తేలాక మొదటి టీకా వేశారు. రెండో దాని తారీకు ఏడో తరగతి వాళ్ళు వంటశాల తలుపు లోపల బొగ్గుతో రాశారు. ఆ రోజు ఆటోలో ఇద్దరికే చోటుంది, నాతో వచ్చేవాళ్ళు ముందుగా పేరు చెప్పండి.